చిలక కూర్చున్న వడిసెల

నేను ఒక వడిసెలను. పట్నంలో ఉన్నవాళ్లు నన్ను చూసి ఉండకపోవచ్చు. రెండు తాళ్లు, వాటి నడుమ అరచేయంత వెడల్పున ఒక అల్లిక, అంతే నా ఒళ్లు. ఒక తాడు కొసన వేలికి తొడిగే ఉచ్చు ఉంటుంది. రెండో తాడు పోనుపోను సన్నబడి ఎలుక తోకలా అయిపోతుంది. అల్లికలో మట్టి ఉండ పెట్టి, తల చుట్టూ రెండుసార్లు తిప్పి, ఆ తోకను వదిలేస్తే ఉండ పోతుంది, నేను వేలికే ఉంటాను. తోక గాలిని కొట్టినప్పుడు ఫెళ్లుమని చప్పుడవుతుంది. చేను మీద వాలిన పిట్టలు లేవడానికి ఆ చప్పుడే సగం పని చేస్తుంది.

నన్ను పేనినవాడు ఊశన్న. పాలమూరు వైపు నల్లరేగడిలో అతనికి మూడెకరాల జొన్న చేను ఉండేది. జనుము కట్టను వాగులో నానబెట్టి, బండ మీద బాది, నారను తొడ మీద పేనుతూ మూడు సాయంత్రాలు కూర్చున్నాడు. పేనినంతసేపూ అతని భార్య సవారమ్మ, "తొడ మీద తోలు ఊడుతది గాని నీ తాడు ఒడవదు" అని నవ్వేది. అల్లిక నడుమ ఉండ జారకుండా చిన్న సందు వదలమన్నది మాత్రం సవారమ్మే. ఆ సందు అసలు ఎందుకో నాకు చాలా ఏళ్లు తెలియలేదు. తర్వాత చెబుతాను.

మనుషుల సంగతి ఒకటి నాకు మొదటి పంటకే తెలిసింది. ఉండ అనుకున్న చోట పడితే "నా చెయ్యి అసువంటిది" అంటారు. పడకపోతే "పాడు వడిసెల" అంటారు. నేను రెండింటికీ ఊరుకున్నాను.

ఊశన్నకు ఒక నియమం ఉండేది. పిట్ట మీదికి విసరకూడదు, పిట్ట పక్కకు విసరాలి. అందుకే అతను రాళ్లు వాడేవాడు కాదు. చెరువు మట్టితో నిమ్మకాయంత ఉండలు చేసి, ఎండబెట్టి, మంచె మీద గంపలో పోసుకునేవాడు. మట్టి ఉండ గాలిలోనే సగం రాలిపోతుంది. తగిలినా పిట్ట ఒళ్లంతా దుమ్మవుతుందే తప్ప దెబ్బ తగలదు. "అవి గూడ తినాలె, మనం గూడ తినాలె. మనం కొంచెం ఎక్కువ తింటం, అంతే" అనేవాడు.

ఊశన్న పోయాక నేను గోడ మేకుకు వేలాడాను. అతని కొడుకు నర్సింలు నన్ను ఒక్క పంటకాలం తిప్పి, భుజం నొప్పి అని వదిలేసి, అప్పో సొప్పో చేసి ఆటో కొనుక్కున్నాడు. నేను కూడా ఆటో ఎక్కాను. సీటు కింద ఉండి ఒకసారి మేకపిల్లను కట్టాను, ఒకసారి గ్యాసు బండను, ఒకసారి పెళ్లివాళ్ల ట్రంకుపెట్టెను. వడిసెలగా పుట్టి తాడుగా బతకడం తప్పేమీ కాదు. కానీ ఎవరూ నన్ను తల చుట్టూ తిప్పేవారు కాదు.

నన్ను మళ్లీ చేనుకు తెచ్చింది నర్సింలు కూతురు కృష్ణవేణి. తొమ్మిదో తరగతి. ఆ పిల్ల గొంతు ఎంత చిన్నదంటే, బడిలో హాజరు పిలిచినప్పుడు బెంచీలో కూర్చుని ఉండగానే రెండుసార్లు ఆబ్సెంటు పడింది. ఇంటికి చుట్టాలొస్తే తలుపు వెనకాల నిలబడి నీళ్ల చెంబు ఒక్కటే బయటికి చాపేది. అదే పిల్ల మంచె ఎక్కితే "హో... ఓ" అని పెట్టే కేక మూడు చేల అవతలికి వినబడేది. జొన్న కంకులు తనను తిరిగి ఏమీ అడగవు కదా, అందుకేమో.

ఆ ఏడు కంకి పాలు పోసుకునే వేళకు నాలుగు రోజులు ముసురు పట్టింది. మంచె మీది గంపలో మట్టి ఉండలన్నీ ముద్దయి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఐదో రోజు ఆదివారం. ఎండ కొంచెం మొహం చూపించిందో లేదో, చిలకల గుంపు దిగింది. ఆకలిగా ఉన్న గుంపు. కృష్ణవేణి కేకకు లేవలేదు. ఉండ లేని నా ఉత్త చప్పుడుకూ లేవలేదు.

చేను పక్కనే కొత్తగా వేస్తున్న రోడ్డు కోసం కంకర కుప్ప పోసి ఉంది. ఆ పిల్ల పరుగున పోయి ఓణీ కొంగులో నాలుగు రాళ్లు తెచ్చింది. ఒకటి తీసి నా అల్లికలో పెట్టింది. కంకర అంచులు నా నారకు గుచ్చుకున్నాయి. చల్లగా, బరువుగా ఉంది. ఇది ఉండ కాదని చెప్పడానికి నాకు నోరు లేదు. పిల్ల పక్కకే గురి పెట్టింది, నాకు తెలుసు. కానీ మట్టి ఉండ బరువుకు అలవాటుపడిన చెయ్యి అది. రాయి ఆ చేతి లెక్కకు అందలేదు.

గుంపంతా లేచింది. ఒకటి లేవలేదు.

చాళ్ల మధ్య అది పక్కకు పడి ఉంది. ఎడమ రెక్క వేలాడుతోంది. ఎడమ కాలు వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. కృష్ణవేణి ముట్టుకోబోతే వేలిని కసిగా కొరికింది. రక్తం వచ్చినా ఆ పిల్ల చెయ్యి లాక్కోలేదు. చిలకను ఓణీలో చుట్టుకుని, నన్ను నడుముకు దోపుకుని ఇంటికి నడిచింది. దారిలో కొంగున మిగిలిన మూడు రాళ్లనూ వాగులో పారేసింది.

"చేన్ల దొరికింది నాయినమ్మా" అంది సవారమ్మతో. అంతకుమించి చెప్పలేదు. సవారమ్మ చిలకను చూసింది, మనవరాలి మొహం చూసింది. ఏమీ అడగకుండా నర్సింలును లేపి ఆటో తీయమంది.

నర్సింలు మంచివాడే, కానీ నోరు ఊరుకోదు. "చేను తినే దొంగకు ఆటో కిరాయి నేను పెట్టుకోవాల్నా? రేపు ఎలుకకు జరమొస్తె గూడ చెప్పుండ్రి, అంబులెన్సు పిలుస్త" అన్నాడు. అంటూనే గుంతలున్న చోటల్లా మెల్లగా నడిపాడు.

మండలంలో పశువుల డాక్టరమ్మ రెక్కను ఒంటికి ఆనించి బట్టతో కట్టింది. కాలి వేళ్లను ఒక్కొక్కటే చాపి చూసింది. చాపిన వేలు చాపినట్టే ఉండక మళ్లీ ముడుచుకుంది.

కృష్ణవేణి నాయినమ్మ చెవిలో ఏదో అంది. సవారమ్మ, "నువ్వే అడుగు, ఆమె కొరుకదు" అంది.

"ఎగురుతదా మేడమ్?" గొంతు డాక్టరమ్మ దాకా సగమే పోయింది.

"ఎగరదు బిడ్డా. ఆ కాలుకు పట్టు గూడ రాదు. పట్టు లేని పిట్ట పండుకొనే ఉంటది, పండుకొని ఉంటే ఎద పుండ్లయి పోతది. తనంతల తాను లేచి కూసొని తిన్నదనుకో, బతుకుతది. పాలు పొయ్యకుండ్రి, దానికి అరగవు." ఆమె చేతులు కడుక్కుంటూ ఇంకో మాట చెప్పింది. "ఇది ఇంట్ల పెంచుకునే పిట్ట గాదు. అడవి ఆఫీసోళ్లకు ఫోన్ జేసి చెప్త. పది దినాలకు ఒకాయన వస్తడు. మంచిగుంటె ఏం జెయ్యాల్నో ఆయన చెప్తడు. లేకుంటె తీసుకపోతడు."

పది రోజులు. కృష్ణవేణి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

మూడో రోజు నర్సింలు సంత నుంచి ఇనుప పంజరం తెచ్చాడు. అడ్డంగా నున్నటి కడ్డీ, రంగురంగుల గిన్నెలు. చిలకను కడ్డీ మీద కూర్చోబెడితే కుడి కాలితో ఒక్క క్షణం పట్టుకునేది, ఎడమ కాలు జారేది, దబ్బున కింద పడేది. మళ్లీ కూర్చోబెడితే మళ్లీ పడేది. పంజరం చూడటానికి వచ్చిన వాడకట్టు పిల్లలు నాలుగోసారికి నవ్వడం మానేశారు. నర్సింలు పంజరాన్ని అటక మీద పెట్టి, "మంచి పంజరమే. కోడిపిల్లలకైన పనికొస్తది" అని తనకు తానే చెప్పుకున్నాడు. కానీ చిలకకు "దొంగ" అని అతను పెట్టిన పేరు మాత్రం నిలిచిపోయింది.

దొంగ ఇప్పుడు పాత చీరముక్కలు పరిచిన గంపలో పడుకునే ఉంటోంది. కృష్ణవేణి బడికి పోయే ముందు ఒకసారి, వచ్చాక మూడుసార్లు జామపండు గుజ్జు, నానిన శనగలు, పాలకంకి గింజలు వేలితో నోట్లో పెట్టేది. పొద్దుకొకసారి గుడ్డలు మార్చేది. గోరువెచ్చని నీళ్లతో ఎద తుడిచేది. ఈకల కింద తోలు ఎర్రబడటం మొదలైంది. ఆరో రోజుకు దొంగ నోరు తెరవడం మానేసింది. పెట్టిన గుజ్జు పెట్టినట్టే ముక్కు పక్క నుంచి జారిపోయింది.

ఆ సాయంత్రం కృష్ణవేణి నన్ను మేకు మీద నుంచి తీసింది. నా అల్లికను చాలాసేపు చూసింది. తర్వాత పెరట్లో నీళ్ల కాగు కింద మండుతున్న పొయ్యిలో దోపింది.

నాకు కోపం రాలేదు. మనుషులు తమ చేతిని కాల్చుకోలేరు కాబట్టి చేతిలో ఉన్నదాన్ని కాలుస్తారు. తోక కొస భగ్గుమంది. అంతలో ఎవరో నన్ను లాగి నేలకేసి కొట్టారు. సవారమ్మ.

"ఇదేం జేసిందే నిన్ను?"

కృష్ణవేణి పొయ్యి వైపే చూస్తూ నిలబడింది. చెప్పడానికి ఆరు రోజులు పట్టిన మాట అప్పుడు వచ్చింది. "కంకర రాయి పెట్టిన నాయినమ్మా. నేనే కొట్టిన."

"ఎర్కనే."

"ఎట్లెర్క?"

"ముసురుకు ఉండలు ముద్దయినయి. గంపల ఒక్కటి గూడ తరగలే. మరి పిట్ట ఉత్తగ పడ్డదా?" సవారమ్మ నా కాలిన కొసను మట్టితో రుద్దుతూ అంది. "నువ్వు చెప్తవేమోనని చూస్తున్న. దీన్ని కాలిస్తె అది లేస్తదా చెప్పు. మీ తాత తొడ తోలు ఊడేటట్టు పేనిండు దీన్ని."

పిల్ల అప్పుడు ఏడ్చింది. ఆరు రోజుల ఏడుపు ఒక్కసారే. సవారమ్మ ఓదార్చలేదు. అరుగు మీద గంప పక్కన కూర్చుని నన్ను ఒళ్లో వేసుకుంది. నా ఉచ్చు గంప అంచు మీదుగా లోపలికి వేలాడింది.

అప్పుడు జరిగింది ఎవరి ఆలోచనా కాదు. దొంగ మెడ చాపి నా ఉచ్చును ముక్కుతో పట్టుకుంది. చిలకకు ముక్కు మూడో కాలు. ఆ సంగతి ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఉచ్చును పట్టుకుని ఒంటిని ఒక బెత్తెడు పైకి లాగింది. కుడి కాలు నా తాడుకు తగులుకుంది. నున్నటి ఇనుప కడ్డీ కాదు కదా నేను. గరుకు జనుమును, గోరు దిగుతుంది. ఇంకో లాగు లాగింది. ఆ బరువుకు నేను సవారమ్మ ఒళ్లో నుంచి జారబోయాను.

"పట్టు, పట్టవే తాడు" అంది సవారమ్మ. కృష్ణవేణి ముక్కు తుడుచుకుంటూ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ నన్ను చెరొకవైపు పట్టుకుంటే నా అల్లిక నడుమ ఉయ్యాలలా సాగింది. దొంగ పాకుతూ పాకుతూ అందులోకి వచ్చి పడింది. పట్టు లేని ఎడమ కాలు అల్లిక నడుమ సందులోకి దిగి అక్కడే ఆగింది.

ఊశన్నతో సవారమ్మ వదిలించిన సందు అది. ఉండ జారకుండా అనుకున్నారు అప్పుడు. కాలు జారకుండా అని ఇప్పుడు తెలిసింది.

ఆ రాత్రి భోజనాలకు ముందే నన్ను అరుగు మీది రెండు గుంజలకు కట్టారు, గంపకు జానెడు ఎత్తులో, పడినా గుడ్డల మీదే పడేటట్టు. కృష్ణవేణి అల్లికలో పాత దూది పరిచింది. దొంగ ఎద ఇప్పుడు నేలకు ఆనడం లేదు. అది మూడుసార్లు పడింది, మూడుసార్లూ ముక్కుతో పాకి ఎక్కింది. నర్సింలు ఆటో నిలిపి వచ్చి చూసి, "పన్నెండొందల పంజరం అటక మీద, దొంగ తాడు మీద. మన ఇంట్ల ఏదీ తిన్నగుండదు" అన్నాడు. అన్నాక తనే గుంజ ముడిని ఇంకోసారి బిగించాడు.

కూర్చోవడం కుదిరింది. తినడం కుదరలేదు. ఏడో రోజు, ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు వేలితో పెడితేనే కొంచెం మింగింది. కృష్ణవేణి కొబ్బరి చిప్పలో గింజలు పోసి ఎదురుగా కట్టింది. దొంగ వంగితే నేను ఊగేవాణ్ని. ఊగితే చిప్ప దూరమయ్యేది. అది భయపడి వెనక్కి ముడుచుకునేది. నా బతుకంతా ఊగడమే నేర్చుకున్నాను. కదలకుండా ఉండటం నాకెవరూ నేర్పలేదు.

పదో రోజు కృష్ణవేణికి లెక్కల పరీక్ష. పోను అంటే సవారమ్మ ఒప్పుకోలేదు. పోయే ముందు ఆ పిల్ల చేనుకు పరిగెత్తి ఒక పాలకంకి విరిచి తెచ్చింది. దాన్ని చిప్పలో పెట్టలేదు. నా తాడుకే, అల్లిక పక్కన కట్టింది. "నువ్వు ఊగితె అది గూడ నీతోనే ఊగుతది" అని చిలకతో అంది. నాతో అన్నట్టు కూడా ఉంది. ఇంత చిన్న సంగతి పది రోజులకు తట్టింది. అయినా తట్టింది కదా.

సవారమ్మ చేనుకు పోయింది. అరుగు మీద దొంగ, నేను. పొద్దు గుంజ నీడను మెట్ల దాకా జరిపింది. దొంగ కంకిని ఒక కంట చూసింది, తర్వాత రెండో కంట చూసింది. వంగింది. నేను ఊగాను. కంకి కూడా ఊగింది, దానితోపాటే. దొంగ వెనక్కి తగ్గలేదు. ముక్కుతో నా తాడును పట్టుకుని ఊపు ఆగేదాకా ఉండి, మెల్లగా మెడ తిప్పి ఒక గింజ తెంపింది. పాలు ముక్కు మీద చిట్లాయి. నాలుకతో అటూ ఇటూ తిప్పి, పొట్టు ఉమ్మేసింది. ఇంకొకటి. ఇంకొకటి. ఆ పొట్టు నేల మీద రాలుతుంటే, నా కంటే ఎక్కువ సంతోషపడిన తాడు పాలమూరు జిల్లాలో ఉండదు.

సాయంత్రం అడవి ఆఫీసు ఆయన మోటారుసైకిలు, బడి నుంచి కృష్ణవేణి, ఇంచుమించు ఒకేసారి వచ్చారు. నర్సింలు కుర్చీ వేశాడు. కృష్ణవేణి అలవాటు ప్రకారం తలుపు వెనక్కి పోబోయి, నేల మీద పొట్టు చూసి ఆగిపోయింది. కంకి సగం ఖాళీగా ఉంది.

"ఎలుక తిన్నదేమో" అన్నాడు నర్సింలు.

దొంగ అప్పుడే ఇంకో గింజ తెంపుకుంది, అందరి ఎదుటా.

ఆఫీసాయన వంగి చూశాడు. రెక్క కట్టు, ముడుచుకున్న వేళ్లు, అల్లిక సందులో దిగిన కాలు. "ఎవరు కట్టిండ్రు దీన్ని? ఇదేం తాడు?"

నర్సింలు చెప్పబోయాడు. అతనికంటే ముందు, చిన్న గొంతే గాని తొణకకుండా, కృష్ణవేణి చెప్పింది. "వడిసెల సార్. నేను, నాయినమ్మ కట్టినం."

"పిట్టకు ఇట్లెట్లయింది? కుక్క పట్టిందా?"

అవునంటే సరిపోయేది. నర్సింలు మొహం కూడా అవునను అన్నట్టే ఉంది. దెబ్బ కొట్టినవాళ్ల దగ్గర పిట్టను ఎవరు వదులుతారు? ఆ పిల్ల చెయ్యి వచ్చి నా తాడు మీద పడింది.

"లేదు సార్. నేనే కొట్టిన. ఉండలు మెత్తబడ్డయని కంకర రాయి పెట్టిన. ఈ వడిసెలతోనే."

నర్సింలు వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు. ఆఫీసాయన కుర్చీలో వెనక్కి కూర్చున్నాడు.

"ఇరువై ఏండ్ల సర్వీసమ్మా నాది. కుక్క కరిచింది, పిల్లి పట్టింది, గాలికి పడ్డది, అన్నీ విన్న. కొట్టిన అని చెప్పినోళ్లను ఇయ్యాలే చూస్తున్న." కాగితం తీశాడు. "ఇది ఎగరదు. తీస్కపోయి పట్నంల పెడితె మళ్ల కొత్త చోటు, మళ్ల తిండి మానేస్తది. పై ఆఫీసుకు రాస్త, వాళ్లు చెప్పేదాక ఇక్కడ్నే ఉండని. నెలకొకసారి డాక్టరమ్మకు చూపెట్టు. ఇగ రాళ్లు..."

"పెట్టను సార్."

"పేరేమన్న పెట్టిండ్రా?"

"దొంగ" అంది కృష్ణవేణి. ఆయన పెన్ను ఆగింది. కాగితం మీద చిలక అనే రాసుకున్నాడు.

ఏడాది అయింది. పై ఆఫీసు నుంచి ఇంకా మాట రాలేదు. ఆఫీసులకు మా ఊరు చాలా దూరం. రెక్క కట్టు విప్పారు. రెక్క అతికింది గాని తిన్నగా లేదు, ఎగరలేదు. దొంగ నా రెండు తాళ్ల మీదా ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా ముక్కుతో పట్టుకుంటూ ప్రయాణం చేస్తుంది. ఎద మీద ఈకలు మళ్లీ మొలిచాయి. నా తోక మాత్రం మొలవలేదు. కాలిన కొసతో నేనిక ఫెళ్లుమనలేను, ఉండ విసరలేను. మేమిద్దరం పాత పనికి పనికిరానివాళ్లం. అందుకే ఒకరికొకరం పనికొచ్చాం.

కృష్ణవేణి ఇప్పుడు మంచె మీద పాత రేకు డబ్బాలు కొడుతుంది, కేక వేస్తుంది. హాజరులో ఆబ్సెంటు పడటం లేదట. ఆ కేక ఇంటి దాకా వినబడుతుంది. విని విని దొంగ కూడా నేర్చుకుంది.

మొన్న సాయంత్రం చిలకల గుంపొకటి పెరటి జామచెట్టు మీద వాలింది. దొంగ తల ఎత్తి చూసింది. గొంతు సవరించుకుని, "హో... ఓ" అంది, అచ్చం కృష్ణవేణి గొంతుతో. ఒక్క చిలకా లేవలేదు. తిరిగి కీచుకీచుమన్నాయి. దొంగ మళ్లీ "హో" అంది. అవి మళ్లీ బదులిచ్చాయి. చీకటి పడేదాకా అదే మాటలు.

"మన కావలిదాన్ని ఎవ్వలు లెక్కజేస్తలేరు" అని సవారమ్మ నవ్వింది. మనవరాలు నవ్వలేదు. చెట్టు మీది గుంపు లేచి పోయేదాకా నా పక్కనే నిలబడి, తర్వాత ఒక జామకాయ కొరికి సగం దొంగకు పెట్టింది.

బరువుల సంగతి నాకు బాగా తెలుసు. నా అల్లికలోకి వచ్చిన ప్రతి ఉండా రెండు చుట్లు తిరిగే లోపల వెళ్లిపోయేది. పంపించడమే నా పని అనుకున్నాను. ఇప్పుడు సాయంత్రం కాగానే ఒక చిన్న వెచ్చని బరువు వచ్చి నా నడుమ కూర్చుంటుంది, ఎడమ కాలు సందులో దించుకుని, మెడ వెనక్కి తిప్పి ఈకల్లో దాచుకుని. అది తెల్లారినా అక్కడే ఉంటుంది.